ఒకే పదవి, వేర్వేరు మర్యాదలు: రాష్ట్రపతులను ప్రత్యర్థులూ ప్రజలూ చూసిన తీరు

రాష్ట్రపతి పేరు ఏదైనా వివాదంలో వినిపించిన ప్రతిసారీ బెంగళూరు తెలుగువారి మధ్య ఒక పోలిక మొదలవుతుంది. అనంతపురం, హిందూపురం, మదనపల్లె వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాల్లో పెద్దవారు 1969లో నీలం సంజీవరెడ్డికి జరిగింది అన్యాయమని గుర్తు చేసుకుంటారు. వారి తర్వాతి తరం అబ్దుల్ కలాంకు దక్కిన ఆదరణ మరెవరికీ దక్కలేదని అంటుంది. ఇప్పటి రాష్ట్రపతిని విమర్శిస్తున్నట్టు వెనకటివారిని ఎవరైనా విమర్శించేవారా అని మరొకరు అడుగుతారు. ఈ మాటలన్నిటిలోనూ కొంత నిజం ఉంది. అయినా చర్చ తెగదు, ఎందుకంటే ఎన్నికల్లో ఎదురైన పోటీ, పదవిలో ఉండగా వచ్చిన విమర్శ, పదవి దిగాక మిగిలిన పేరు అనే మూడు వేర్వేరు సంగతులను మనం ఒకే తక్కెడలో వేసి తూస్తున్నాం.

వీటిని విడదీసి చూస్తే నాకు స్పష్టంగా కనిపించేది ఒకటుంది. ఒక రాష్ట్రపతికి దక్కిన మర్యాదనైనా, ఎదురైన అవమానాన్నైనా ఆయన గుణగణాల కంటే ఎక్కువగా నిర్ణయించింది ఆయన బల్లమీదికి ఏ కాగితం ఏ సమయంలో వచ్చిందన్నదే. పైగా, చాలాసార్లు రాష్ట్రపతితో గట్టిగా తలపడినవారు ప్రతిపక్షం వారు కారు, ఆయనను ఆ పదవిలో కూర్చోబెట్టినవారే.

అధికారం ఎవరిది, సంతకం ఎవరిది

రాజ్యాంగంలోని 53వ అధికరణ కేంద్ర కార్యనిర్వాహక అధికారాన్ని రాష్ట్రపతికి ఇస్తుంది. 74వ అధికరణ ఆ అధికారాన్ని మంత్రిమండలి సలహా మేరకు వాడాలంటుంది. ఆ సలహాకు రాష్ట్రపతి కట్టుబడి తీరాలా అన్న ప్రశ్నకు తొలి పాతికేళ్ళూ రాజ్యాంగంలో అక్షరాలా జవాబు లేదు. 1974లో షంషేర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు కట్టుబడాలనే చెప్పింది. 1976లో 42వ సవరణ ఆ మాటను రాజ్యాంగంలోనే చేర్చింది. 1978లో 44వ సవరణ కొద్దిగా సడలింపు ఇచ్చి, మంత్రిమండలి సలహాను పునఃపరిశీలించమని రాష్ట్రపతి ఒకసారి కోరవచ్చునని, మళ్ళీ అదే సలహా వస్తే పాటించాలని నిర్దేశించింది.

బిల్లుల విషయంలో 111వ అధికరణ వర్తిస్తుంది. పార్లమెంటు ఆమోదించిన బిల్లుపై రాష్ట్రపతి సంతకం చేయవచ్చు, ఆమోదం నిలిపివేయవచ్చు, ద్రవ్య బిల్లు కాకపోతే మళ్ళీ ఆలోచించమని తిప్పి పంపవచ్చు. ఇన్ని రోజుల్లోగా తేల్చాలన్న గడువు ఆ అధికరణలో లేదు. అందువల్ల ఏమీ చేయకుండా బిల్లును తన దగ్గరే ఉంచుకునే వీలు కూడా ఉంది.

ఇక లోక్‌సభలో ఎవరికీ స్పష్టమైన మెజారిటీ లేనప్పుడు ఎవరిని పిలవాలో చెప్పే మంత్రిమండలి ఉండదు కాబట్టి, ఆ నిర్ణయం రాష్ట్రపతి స్వయంగా తీసుకోవలసిందే. మన రాష్ట్రపతుల చుట్టూ రేగిన పెద్ద వివాదాల్లో చాలావరకు ఈ కొద్దిపాటి సందుల్లోనే పుట్టాయి, మిగిలినవి సందు ఉండి కూడా వాడనందుకు పుట్టాయి.

రాష్ట్రపతిని పదవి నుంచి తొలగించే మార్గం 61వ అధికరణలో ఉంది. రాజ్యాంగ ఉల్లంఘన ఆరోపణతో, సభలోని మొత్తం సభ్యుల్లో కనీసం నాలుగో వంతు సంతకాలతో, 14 రోజుల ముందస్తు నోటీసుతో తీర్మానం పెట్టాలి. మొత్తం సభ్యుల్లో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి, రెండో సభ విచారణ జరిపి అంతే మెజారిటీతో బలపరచాలి. ఇంతవరకు ఏ రాష్ట్రపతీ ఈ దారిన పదవి కోల్పోలేదు.

ప్రజలు ఓటు వేయని ఎన్నిక

ప్రజలు ఫలానా రాష్ట్రపతిని మెచ్చారని అనుకునే ముందు, ఆ ఎన్నికలో ప్రజలకు నేరుగా ఓటు లేదని గుర్తుంచుకోవాలి. పార్లమెంటు ఉభయ సభల్లోని ఎన్నికైన సభ్యులు, రాష్ట్ర శాసనసభలతో పాటు ఢిల్లీ, పుదుచ్చేరి శాసనసభల్లోని ఎన్నికైన సభ్యులు మాత్రమే ఓటర్లు. పైగా వారి ఓట్ల విలువ సమానం కాదు.

కర్ణాటకనే తీసుకుందాం. 1971 జనగణన ప్రకారం రాష్ట్ర జనాభా 2,92,99,014. దీన్ని 224 మంది ఎమ్మెల్యేలతో భాగించి, వచ్చినదాన్ని మళ్ళీ 1000తో భాగిస్తే సుమారు 130.8 వస్తుంది. సగం దాటింది కాబట్టి 131గా లెక్కిస్తారు. అంటే మల్లేశ్వరం ఎమ్మెల్యే ఓటు విలువ 131, కర్ణాటక శాసనసభ మొత్తం విలువ 29,344. ఇదే లెక్కన ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు విలువ 159, తెలంగాణలో 132, తమిళనాడులో 176, ఉత్తరప్రదేశ్‌లో 208, సిక్కింలో 7. 2022 ఎన్నికలో ఒక్కో ఎంపీ ఓటు విలువ 700. యాభై ఏళ్ళ కిందటి జనాభాను ఇప్పటికీ వాడటానికి కారణం, కుటుంబ నియంత్రణ బాగా పాటించిన రాష్ట్రాలు నష్టపోకూడదన్న ఆలోచనతో ఆ అంకెలను రాజ్యాంగ సవరణల ద్వారా స్థిరపరచడమే.

ఇది రహస్య బ్యాలెట్. పార్టీ విప్ చెల్లదు, వేరే అభ్యర్థికి ఓటు వేసినందుకు ఫిరాయింపు చట్టం కింద సభ్యత్వం పోదు. ఓటరు అభ్యర్థులకు ఒకటి, రెండు, మూడు అని ప్రాధాన్య క్రమం ఇస్తారు. చెల్లిన ఓట్ల విలువలో సగానికి పైగా ఎవరికీ రాకపోతే, అట్టడుగున ఉన్న అభ్యర్థులను ఒక్కొక్కరినే తప్పిస్తూ వారి ఓట్లను తర్వాతి ప్రాధాన్యం ఉన్నవారికి కలుపుతారు. ఈ ఏర్పాటు ఫలితాన్ని తేల్చడంలో నిజంగా అక్కరకు వచ్చింది ఒక్కసారే. అప్పుడు పోటీ ఇద్దరు తెలుగువారి మధ్య జరిగింది.

1969: లాల్‌బాగ్‌లో మొదలైన పోటీ

1969 మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ పదవిలో ఉండగానే కన్నుమూశారు. ఉపరాష్ట్రపతి వరాహగిరి వెంకటగిరి తాత్కాలికంగా ఆ బాధ్యత తీసుకున్నారు. గిరి బరంపురంలో పుట్టిన తెలుగువారు, కార్మికోద్యమంలో ఎదిగినవారు, 1965 నుంచి 1967 వరకు మైసూరు రాష్ట్ర గవర్నరుగా బెంగళూరులోనే ఉన్నారు.

ఆ జులైలో లాల్‌బాగ్ గ్లాస్ హౌస్‌లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలు జరిగాయి. పార్టీ అధ్యక్షుడు కర్ణాటకకే చెందిన ఎస్. నిజలింగప్ప. అభ్యర్థిగా జగ్జీవన్ రామ్ ఉండాలని ప్రధాని ఇందిరా గాంధీ కోరగా, పార్లమెంటరీ బోర్డులో మెజారిటీ సభ్యులు లోక్‌సభ స్పీకరుగా ఉన్న నీలం సంజీవరెడ్డిని ఎంపిక చేశారు. ఇందిర ఆయన నామినేషన్ పత్రంపై స్వయంగా ప్రతిపాదకురాలిగా సంతకం చేశారు. కానీ వెంటనే మరో దారిలో ముందుకు కదిలారు. మొరార్జీ దేశాయ్ నుంచి ఆర్థిక శాఖ తీసుకున్నారు, జులై 19న 14 బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్సు తెచ్చారు. దానిపై తాత్కాలిక రాష్ట్రపతి హోదాలో సంతకం చేసిన గిరి, మర్నాడే పదవికి రాజీనామా చేసి స్వతంత్ర అభ్యర్థిగా పోటీకి దిగారు.

స్వతంత్ర, జనసంఘ్ పార్టీలు సి.డి. దేశ్‌ముఖ్‌ను నిలబెట్టాయి. తమ రెండో ప్రాధాన్యం సంజీవరెడ్డికి ఇవ్వమని నిజలింగప్ప ఆ పార్టీలను కోరడంతో, అధికారిక అభ్యర్థి మితవాదులతో చేతులు కలిపారన్న ప్రచారానికి ఊతం దొరికింది. ఇందిర వర్గం మనస్సాక్షి ప్రకారం ఓటు వేయమని కాంగ్రెస్ సభ్యులకు పిలుపునిచ్చింది. కమ్యూనిస్టు పార్టీలు, డీఎంకే, అకాలీదళ్ గిరి వైపు నిలిచాయి. ఇదంతా రాజకీయమే, ఇందులో తప్పుపట్టడానికి పెద్దగా లేదు. కానీ సంజీవరెడ్డి వ్యక్తిగత నడవడిపై నీచమైన ఆరోపణలతో పేరులేని కరపత్రం ఒకటి పార్లమెంటు సెంట్రల్ హాలు దాకా వెళ్ళింది. రాష్ట్రపతి పదవికి పోటీపడిన వ్యక్తి గౌరవంపై అంతటి దాడి అంతకుముందు జరగలేదు. పెద్దవారు అన్యాయమన్నది ఓటమిని కాదు, దీనిని.

ఫలితాన్ని అంకెల్లో చూస్తే ఎవరి ఆదరణ ఎంతో తేటపడుతుంది. చెల్లిన ఓట్ల మొత్తం విలువ 8,36,337. గెలవడానికి కావలసింది 4,18,169. మొదటి ప్రాధాన్యంలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769 వచ్చాయి. మిగిలినవారందరికీ కలిపి వచ్చింది 8,505 మాత్రమే. ఇద్దరి మధ్య దాదాపు 88 వేల తేడా ఉంది. చిన్న అభ్యర్థులను, చివరికి దేశ్‌ముఖ్‌ను తప్పించి ఓట్లు బదిలీ చేసేసరికి సంజీవరెడ్డికి 91,879 కలిసి 4,05,427 అయ్యాయి. గిరికి కలిసినవి 18,562 మాత్రమే, మొత్తం 4,20,077. అంటే బదిలీ ఓట్లలో సింహభాగం సంజీవరెడ్డికే వెళ్ళినా, కావలసిన సంఖ్యను గిరి 1,908 విలువతో దాటేశారు. ఎంపీల్లో, ఎమ్మెల్యేల్లో కొద్దిమంది అటూ ఇటూ అయినా దేశ చరిత్ర మరోలా ఉండేది. ఆ నవంబరులో కాంగ్రెస్ చీలిపోయింది.

ఇక్కడ రెండు వాదనలున్నాయి, రెండింటికీ బలముంది. పార్టీ తీర్మానించి, తాను స్వయంగా ప్రతిపాదించిన అభ్యర్థిని ప్రధానే ఓడించడం ద్రోహమన్నది ఒకటి. రహస్య బ్యాలెట్ పెట్టి విప్‌ను కాదన్నదే ఓటరు స్వేచ్ఛ కోసమైనప్పుడు పార్టీ మాట జవదాటడం ఎలా తప్పవుతుందన్నది రెండోది. కరపత్రానికి మాత్రం ఏ వాదనలోనూ చోటు లేదని నా అభిప్రాయం.

గెలిచినవారికి కోర్టు, ఓడినవారికి ఏకగ్రీవం

గిరి ఎన్నికను సవాలు చేస్తూ సుప్రీంకోర్టులో పిటిషన్లు పడ్డాయి. పదవిలో ఉన్న రాష్ట్రపతికి 361వ అధికరణ కోర్టుల నుంచి రక్షణ ఇస్తుంది కదా అని సందేహం రావచ్చు. పదవి విధుల నిర్వహణ విషయంలో రక్షణ ఉంది. ఎన్నిక చెల్లుతుందా లేదా అన్న వివాదాన్ని 71వ అధికరణ ప్రత్యేకంగా సుప్రీంకోర్టుకే అప్పగించింది. గిరి రాష్ట్రపతిగా ఉంటూనే కోర్టుకు స్వయంగా వచ్చి సాక్ష్యం చెప్పారు. అలా చేసిన మొదటి రాష్ట్రపతి ఆయనే. పిటిషన్లను కోర్టు 1970లో కొట్టివేసింది.

పదవిలో గిరిపై వచ్చిన ప్రధాన విమర్శ, ప్రభుత్వం పంపిన ప్రతి కాగితంపైనా ఆయన సంతకం పెట్టారన్నది. 1970లో మాజీ సంస్థానాధీశుల గుర్తింపు రద్దు ఉత్తర్వు ఆయన పేరునే వెలువడింది, సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. 1973లో ముగ్గురు సీనియర్ న్యాయమూర్తులను కాదని ఎ.ఎన్. రేను ప్రధాన న్యాయమూర్తిగా నియమించినప్పుడు న్యాయవాద వర్గాల ఆగ్రహం కొంత ఆయన మీదికి కూడా మళ్ళింది. మరోవైపు కార్మిక సంఘాల వారికి ఆయన తమ మనిషి. 1975లో భారతరత్న అందుకుని, 1980లో మద్రాసులో కన్నుమూశారు.

సంజీవరెడ్డి కథ ఇంకా విచిత్రం. 1969లో ఓడిన వ్యక్తి, 1977 లోక్‌సభ ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్ అంతటా కాంగ్రెస్ గెలిచినప్పుడు నంద్యాల నుంచి నెగ్గిన ఏకైక జనతా అభ్యర్థి. అదే ఏడాది రాష్ట్రపతి ఎన్నికలో 37 నామినేషన్లు పడగా 36 తిరస్కరణకు గురయ్యాయి, ఆయన పోటీ లేకుండా ఎన్నికయ్యారు. ఆ ఘనత ఇప్పటికీ ఆయన ఒక్కరిదే. అన్ని నామినేషన్లు పోవడానికి ఒక కారణం, నామమాత్రపు పోటీలను అరికట్టడానికి 1974లో చట్టాన్ని సవరించి పదిమంది ప్రతిపాదకులు, పదిమంది బలపరిచేవారు ఉండాలన్న నిబంధన పెట్టడం. 1997లో ఆ సంఖ్యలు 50కి పెరిగాయి.

ఏకగ్రీవ గౌరవం రెండేళ్ళే నిలిచింది. 1979 జులై 15న మొరార్జీ దేశాయ్ రాజీనామా చేశాక ఏ పక్షానికీ మెజారిటీ లేదు. సంజీవరెడ్డి ముందు ప్రతిపక్ష నేత వై.బి. చవాన్‌ను పిలిచారు, కుదరలేదు. తర్వాత మొరార్జీ, చరణ్ సింగ్ ఇద్దరినీ మద్దతుదారుల జాబితాలు ఇవ్వమని కోరి, వాటిని పరిశీలించి చరణ్ సింగ్‌ను ప్రధానిగా నియమించారు. ఇందిర కాంగ్రెస్ మద్దతు తీసేయడంతో చరణ్ సింగ్ లోక్‌సభను ఎదుర్కోకుండానే ఆగస్టు 20న రాజీనామా చేశారు. తనకు అవకాశమివ్వమని జనతా నేత జగ్జీవన్ రామ్ కోరినా, రాష్ట్రపతి ఆగస్టు 22న లోక్‌సభను రద్దు చేశారు.

రెండేళ్ళ కిందట తామే ఎన్నుకున్న రాష్ట్రపతిపై జనతా నాయకులు పక్షపాత ఆరోపణలు చేశారు. సభ విశ్వాసం ఎన్నడూ పొందని ప్రధాని సలహాపై సభను రద్దు చేయడం సరికాదని, జగ్జీవన్ రామ్‌కు బలం నిరూపించుకునే అవకాశం ఇవ్వవలసిందని వారు వాదించారు. ఫిరాయింపులు రోజురోజుకూ సాగుతున్నప్పుడు మరొకరిని పిలిస్తే బేరసారాలు పెరుగుతాయని, ప్రజల తీర్పు కోరడమే శుభ్రమైన మార్గమని సమర్థకులు అన్నారు. జగ్జీవన్ రామ్‌కు సభలోనే బలపరీక్ష పెట్టి ఉంటే విమర్శకు తావు తగ్గేదని నేను అనుకుంటాను. అయితే సభలోనే బలం తేలాలన్న సూత్రం ఈనాడు మనకు సహజంగా తోచడానికి 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కారణమని, 1979లో అది ఇంత స్థిరపడలేదని కూడా చెప్పాలి. పదవీ విరమణ తర్వాత అనంతపురం తిరిగి వెళ్ళిన సంజీవరెడ్డి 1996 జూన్ 1న బెంగళూరులో మరణించారు. ఆయన సమాధి ఇక్కడి కల్పల్లి శ్మశానవాటికలో ఉంది.

సొంత పక్షంతోనే పేచీ

ప్రతిపక్షం కంటే సొంత పక్షంతోనే రాష్ట్రపతులు ఎక్కువ ఇబ్బంది పడ్డారన్న నా మాటకు మొదటి సాక్ష్యం మొదటి రాష్ట్రపతే. 1950లో నెహ్రూ మొగ్గు రాజాజీ వైపు ఉండగా, పార్టీలో ఎక్కువమంది రాజేంద్రప్రసాద్‌ను కోరుకున్నారు. 1951లో హిందూ కోడ్ బిల్లు విషయంలో తాను స్వతంత్రంగా ఆలోచించి నిర్ణయిస్తానని ఆయన ప్రధానికి రాశారు. అటార్నీ జనరల్ సెతల్వాడ్ మంత్రిమండలి సలహాయే శిరోధార్యమన్నారు. ఇద్దరి మధ్య మర్యాద చెదరలేదు, ప్రజలకు ఈ సంగతి అప్పట్లో పెద్దగా తెలియనూ లేదు.

సర్వేపల్లి రాధాకృష్ణన్‌పై 1962లో బలమైన ప్రత్యర్థి ఎవరూ నిలవలేదు. ఆయనకు 5,53,067 ఓట్ల విలువ రాగా, తరచూ పోటీ చేసే చౌధరి హరిరామ్‌కు 6,341 వచ్చాయి. మైసూరు విశ్వవిద్యాలయం విడిచి వెళ్ళేటప్పుడు విద్యార్థులు ఆయన బండిని తామే లాగి రైల్వే స్టేషనుకు చేర్చారంటే, ప్రజాదరణ ఆయనకు పదవి వల్ల వచ్చింది కాదు. అయినా చైనా యుద్ధం తర్వాత ప్రభుత్వ అజాగ్రత్తను, 1967 గణతంత్ర దినోత్సవ సందర్భంగా పాలనలోని అసమర్థతను ఆయన బహిరంగంగా ఎత్తిచూపారు. రెండోసారి అవకాశం రాలేదు, 1967లో మద్రాసు మైలాపూరులోని ఇంటికి తిరిగి వచ్చారు. ఆయన స్థానం కోసం ఆ ఏడాది జరిగిన ఎన్నికలో మరో తెలుగువారు, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి పదవి వదులుకుని వచ్చిన కోకా సుబ్బారావు, ప్రతిపక్షాల అభ్యర్థిగా 3,63,971 తెచ్చుకుని జాకిర్ హుస్సేన్‌కు తొలిసారి గట్టి పోటీ ఇచ్చారు.

జ్ఞానీ జైల్ సింగ్ పట్ల ప్రత్యర్థుల వైఖరి పూర్తిగా తిరగబడింది. నాయకురాలు చీపురు పట్టమన్నా పడతానని చెప్పినందుకు 1982లో ప్రతిపక్షాలు ఆయనను ఎగతాళి చేశాయి. 1984లో స్వర్ణ దేవాలయంపై సైనిక చర్య జరిగినప్పుడు సర్వసైన్యాధ్యక్షుడి హోదాలో ఉన్న సిక్కుగా సొంత సమాజం ఆగ్రహాన్ని ఆయన భరించారు. సిక్కుల అత్యున్నత పీఠమైన అకాల్ తఖ్త్ మత పెద్దలు ఆయనను దోషిగా ప్రకటించారు. అదే ఏడాది అక్టోబరు 31న ఇందిర హత్య జరిగిన సాయంత్రం, ఆసుపత్రికి వెళుతున్న ఆయన కార్ల వరసపై ఢిల్లీలో రాళ్ళు పడ్డాయి. సిక్కుగా పుట్టినందుకు ఒకవైపు, సిక్కులను కాపాడనందుకు మరోవైపు శిక్ష అనుభవించిన రాష్ట్రపతి మరొకరు లేరు. ఈ పోలికల్లో అందరికంటే ఎక్కువ సానుభూతికి అర్హులు ఆయనేనని నాకు అనిపిస్తుంది.

తర్వాత ప్రధాని రాజీవ్ గాంధీతో దూరం పెరిగింది. 78వ అధికరణ ప్రకారం తనకు అందవలసిన సమాచారం అందడం లేదని జైల్ సింగ్ ఫిర్యాదు చేశారు. ఉత్తరాలు తెరిచి చూసే విస్తృత అధికారాన్ని ప్రభుత్వానికిచ్చే 1986 నాటి పోస్టాఫీసు సవరణ బిల్లుపై సంతకమూ పెట్టలేదు, తిప్పి పంపనూ లేదు. 1987 నాటికి, ఒకప్పుడు నవ్విన ప్రతిపక్షంలోనే కొందరు ప్రధానిని బర్తరఫ్ చేయమని ఆయనను ప్రోత్సహించారు. మనిషి మారలేదు, ఆయనతో వారికి పడిన అవసరం మారింది.

ఒకే పని, ఒకసారి ప్రశంస, ఒకసారి నింద

ఒకే పని చేసినా మెచ్చుకునేవారు ఎలా మారిపోతారో కె.ఆర్. నారాయణన్ ఉదంతం చెబుతుంది. 1997లో ఆయన టి.ఎన్. శేషన్‌పై 9,56,290 విలువతో గెలిచారు. ఆ అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లో కల్యాణ్ సింగ్ ప్రభుత్వాన్ని తొలగించాలన్న ఐక్య సంఘటన ప్రభుత్వ సిఫారసును తిప్పి పంపారు, బీజేపీ హర్షించింది. 1998లో బీహార్‌లో రబ్రీదేవి ప్రభుత్వాన్ని తొలగించాలన్న వాజ్‌పేయి ప్రభుత్వ సిఫారసునూ తిప్పి పంపారు. ఈసారి హర్షించినవారు, నొచ్చుకున్నవారు చోట్లు మార్చుకున్నారు. రెండుసార్లూ ఆయన వాడింది 44వ సవరణ ఇచ్చిన అదే హక్కును.

దీనికి ఎదురుగా ఫక్రుద్దీన్ అలీ అహ్మద్‌ను నిలబెట్టాలి. 1975 జూన్ 25 రాత్రి మంత్రిమండలి సమావేశం కాకముందే, ప్రధాని పంపిన కాగితంపై సంతకం చేసి అత్యవసర పరిస్థితి ప్రకటించారు. స్నానపు తొట్టిలోంచే ఆర్డినెన్సుపై సంతకం చేసి ఇస్తున్నట్టు అబూ అబ్రహాం ఆ డిసెంబరులో గీసిన కార్టూన్ ఆయన పేరును శాశ్వతంగా పట్టుకుంది. మరెవరున్నా అంతే చేసేవారని కొందరంటారు. మంత్రిమండలి తీర్మానం ఏదని ఒక్క ప్రశ్న అడిగే వీలు ఆ రాత్రి ఆయనకుందని, అడగలేదని మరికొందరంటారు. రెండో మాటే నాకు న్యాయంగా తోస్తుంది.

అబ్దుల్ కలాంను అందరూ తలుచుకునేది ఆదరణ విషయంలోనే. 2002లో పేరు ఖరారైనప్పుడు ఆయన చెన్నై అన్నా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతున్నారు. అధికార పక్షం, కాంగ్రెస్, తెలుగుదేశం కలిసి బలపరచగా, వామపక్షాలు మద్రాసులోనే పుట్టిన కెప్టెన్ లక్ష్మీ సెహగల్‌ను నిలిపాయి. 9,22,884కు 1,07,366 అన్నది ఫలితం. పోటీ ఉన్నా ద్వేషం లేదు. పిల్లలతో గడిపిన సమయం, పార్టీ చరిత్ర లేకపోవడం, నిరాడంబరత కలిసి ఆయనకు ప్రజల్లో ఎవరికీ దక్కని చోటు ఇచ్చాయి. 2015 జులైలో రామేశ్వరంలో జరిగిన అంత్యక్రియలకు జనం పోటెత్తారు.

అయితే కలాం విమర్శకు అతీతుడన్నది నిజం కాదు. 2005 మేలో మాస్కో పర్యటనలో ఉండగా బీహార్ శాసనసభ రద్దుకు సంతకం చేశారు. ఆ రద్దు రాజ్యాంగ విరుద్ధమని తర్వాత సుప్రీంకోర్టు తేల్చింది. క్షమాభిక్ష పిటిషన్లను చాలావరకు తేల్చకుండా వదిలారన్న విమర్శ కూడా వచ్చింది. 2006లో లాభదాయక పదవుల బిల్లును (కొన్ని ప్రభుత్వ పదవులు చేపట్టినా ఎంపీల సభ్యత్వం పోకుండా మినహాయింపు ఇచ్చేది) తిప్పి పంపి మెప్పు పొందారు, పార్లమెంటు మళ్ళీ ఆమోదిస్తే సంతకం చేశారు. ఈ తప్పొప్పులను జనం చూసీచూడనట్టు వదిలేయడానికి, ఆయనపై రాజకీయ పక్షాలకు కక్ష లేకపోవడమే పెద్ద కారణం.

అమెరికా అధ్యక్షులతో పోల్చవచ్చా

వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ ఆఫీసుల్లో పనిచేసే మనవారిలో చాలామంది అమెరికా వార్తలు దగ్గరగా గమనిస్తారు కాబట్టి ఈ ప్రశ్న వస్తుంటుంది. పోల్చవచ్చు, కానీ అక్కడి అధ్యక్షుడిని మన ప్రధానితోనే పోల్చాలి. ఆయన ప్రభుత్వాధినేత, ఓటు అడిగి గెలిచినవారు, నిర్ణయం తనదే. అందుకే నిందా తనదే. ఆండ్రూ జాన్సన్ 1868లో, బిల్ క్లింటన్ 1998లో, డొనాల్డ్ ట్రంప్ 2019లో, మళ్ళీ 2021లో ప్రతినిధుల సభలో అభిశంసనకు గురయ్యారు. సెనేట్ ఎవరినీ దోషిగా తేల్చలేదు. రిచర్డ్ నిక్సన్ ఆ దశ రాకముందే 1974లో రాజీనామా చేశారు.

అక్కడ ఆదరణను కొలిచే సర్వేలు దశాబ్దాలుగా ఉన్నాయి. గాలప్ సర్వేలో 2001 సెప్టెంబరులో 90 శాతం ఆమోదం పొందిన జార్జ్ డబ్ల్యూ. బుష్ 2008కి 25 శాతానికి పడిపోయారు. 1952లో 22 శాతానికి దిగజారిన హ్యారీ ట్రూమన్‌ను నేటి చరిత్రకారులు మంచి అధ్యక్షుల జాబితాలో చేరుస్తారు. మన రాష్ట్రపతుల విషయంలో అలాంటి అంకెలు పెట్టుకుని వాదించే వీలు లేదు, జనం గుర్తుంచుకున్న దాన్నిబట్టే అంచనా వేయాలి.

ఇప్పటి వివాదాలు ఎక్కడ కొత్త, ఎక్కడ పాత

2022లో ద్రౌపది ముర్ము 6,76,803 విలువతో యశ్వంత్ సిన్హాపై గెలిచారు. ఆంధ్రప్రదేశ్‌లో కత్తులు దూసుకునే వైఎస్సార్ కాంగ్రెస్, తెలుగుదేశం రెండూ ఆమెకే ఓటు వేశాయి, తెలంగాణలో అప్పటి అధికార పక్షం సిన్హా వైపు నిలిచింది. ఆమె గద్దెనెక్కిన కొద్ది రోజులకే కాంగ్రెస్ నేత అధీర్ రంజన్ చౌధరి ఆమెను ప్రస్తావించిన తీరు సభలో దుమారం రేపింది, ఆయన లేఖ రాసి క్షమాపణ చెప్పారు. ఆమె రూపంపై వ్యాఖ్య చేసిన పశ్చిమ బెంగాల్ మంత్రి తరఫున ముఖ్యమంత్రి మమతా బెనర్జీ క్షమాపణ కోరారు. తొలి ఆదివాసీ రాష్ట్రపతి, అందులోనూ మహిళ అయినందుకే ఇలాంటి మాటలు సులువుగా దొర్లాయన్నది ఒక వాదన, అందులో నిజముంది.

మరో రకం వివాదం వేరు. 2023 మేలో కొత్త పార్లమెంటు భవనాన్ని రాష్ట్రపతి కాక ప్రధాని ప్రారంభించడం ఆమెకు అవమానమంటూ కాంగ్రెస్‌తో పాటు చాలా ప్రతిపక్షాలు కార్యక్రమాన్ని బహిష్కరించాయి. ఆమెను ఎన్నికల్లో వ్యతిరేకించినవారే ఇప్పుడు ఆమె గౌరవం గురించి మాట్లాడుతున్నారని అధికార పక్షం జవాబిచ్చింది. ఇద్దరూ ఆమె పేరుతోనే మాట్లాడారు, కానీ తగవు ప్రధానికీ ప్రతిపక్షానికీ మధ్యది. ఈ తీరు జైల్ సింగ్ నాటిదే.

2025 జనవరి 31న బడ్జెట్ సమావేశాల తొలిరోజు ఇది మరోసారి కనిపించింది. రాష్ట్రపతి ప్రసంగం ముగిశాక, చివరికి ఆమె బాగా అలసిపోయారని, పాపం మాట్లాడలేకపోయారని సోనియా గాంధీ అన్న మాటను రాష్ట్రపతి భవన్ పదవి గౌరవానికి భంగకరమని ఖండించింది. కాంగ్రెస్ అది సానుభూతితో అన్న మాటేనంది. ఈ వివాదాన్ని తేల్చాలంటే ఆ ప్రసంగం ఎవరిదో ముందు గుర్తించాలి. 87వ అధికరణ ప్రకారం రాష్ట్రపతి ఉభయ సభలనుద్దేశించి మాట్లాడుతారు, కానీ ఆ ప్రసంగ పాఠాన్ని ఆమోదించేది మంత్రిమండలి. అందులోని విధానాలను తప్పుపట్టడం ప్రతిపక్షం హక్కు. ధన్యవాద తీర్మానంపై రోజుల తరబడి జరిగే చర్చ అందుకే ఉంది, రాజ్యసభలో ఆ తీర్మానానికి ప్రతిపక్ష సవరణలు నెగ్గిన సందర్భాలూ ఉన్నాయి. చదివినవారి అలసట గురించి, రూపం గురించి, కులం గురించి మాట్లాడటం మాత్రం ప్రభుత్వంపై విమర్శ కిందికి రాదు. సభలోని చర్చను ప్రభావితం చేయడానికి రాష్ట్రపతి పేరు వాడకూడదని లోక్‌సభ నిబంధనలు సభ్యులందరినీ కట్టడి చేస్తున్నాయి. ఆ నిబంధన ప్రతిపక్షానికి ఎంత వర్తిస్తుందో, ఆమె పేరును అడ్డుపెట్టుకుని విమర్శను ఆపజూసే అధికార పక్షానికీ అంతే వర్తిస్తుంది.